గంజి పెట్టిన రెక్కలు

సకల జనుల సమ్మె నడిచిన ఆ ఏడు తంగళ్ళపల్లి జలపతికి దేవుడి పటం ముందు నిలబడితే మొక్కు సగంలో ఆగిపోయేది.

“రాజన్నా, తెలంగాణ జల్ది రావాలె” అని మొదలుపెట్టేవాడు. ఆ మాట కడుపులోంచి వచ్చేదే, అందులో కల్తీ లేదు. కానీ అగరుబత్తి పొగ పటం దాకా లేచేలోగా ఇంకో ఆలోచన లేచేది. తెలంగాణ వస్తే బందులుండవు. బందులు లేకపోతే రోడ్డు ఖాళీగా ఉండదు. రోడ్డు ఖాళీగా లేకపోతే తన విమానం ఎక్కడ పరుగెత్తాలి? అక్కడికి వచ్చేసరికి నాలుక తడబడి, మిగిలిన మొక్కును దేవుడి ఇష్టానికే వదిలేసి, బొట్టు పెట్టుకొని పనికి పోయేవాడు.

ఆయన పని సిరిసిల్లలో సైజింగు. నూలు మగ్గానికి ఎక్కే ముందు పోగు పోగుకూ గంజి పట్టించి ఆరబెట్టే చోటును అలా అంటారు. గంజి పట్టిన పోగు బిర్రుగా నిలబడుతుంది, తెగదు. ఏళ్ళ తరబడి ఆ ఆవిరిలో పనిచేసి జలపతికి ఒక నమ్మకం కుదిరింది: లోకంలో మెత్తబడిన దేన్నయినా గంజి నిలబెడుతుంది. అంగీ కాలరు నిలబెట్టింది, పోగును నిలబెట్టింది, విమానం రెక్కను మాత్రం ఎందుకు నిలబెట్టదు?

విమానాల పిచ్చి ఆయనకు గల్ఫ్‌లో అంటింది. అక్కడ కొన్నేళ్ళు చిన్న విమానాల క్లబ్బులో వాటిని కడిగే పని చేశాడు. ఎక్కి కూర్చోనిచ్చేవారు కాదు. అందుకని విమానాలన్నీ ఆయనకు కడుపు వైపు నుంచే తెలుసు. రెక్క పైనున్నవి, కిందున్నవి, రెండంతస్తుల రెక్కలున్నవి, నీళ్ళ మీద దిగే తెప్ప కాళ్ళవి, అన్నిటినీ వెల్లకిలా పడుకొని తుడిచాడు. రెక్క పైనుంటే నీడ దొరుకుతుంది, కిందుంటే నడుము పట్టేస్తుంది. కాబట్టి రెక్క పైనుండేదే మంచి విమానమని తేల్చుకున్నాడు. ఇంజనీర్లు కూడా ఏదో ఒక కారణం మీదే తేల్చుకుంటారు కదా!

తిరిగి వచ్చాక ఇంటి వెనుక రేకుల పందిరి కింద మొదలుపెట్టాడు. తండ్రి దుర్గయ్య ఒకరి పొలంలో జీతముండి బతికిన మనిషి. కొడుకు వెదురు బద్దలు వంచుతుంటే చుట్ట తాగుతూ చూసి, “భూమ్మీద గుంటెడు జాగ లేనోని కొడుకు ఆకాశంల జాగ జూసుకుంటుండు. కానియ్యి బిడ్డా, ఆడ పట్టా ఎవ్వడడుగడు” అన్నాడు. అన్నాడే గాని, బద్దలు మెత్తబడడానికి ప్రతి పొద్దూ నీళ్ళు చల్లిపెట్టేవాడు.

మొదటిది ఇంజిన్ లేనిది. మానేరు ఇసుకలో, సిరిసిల్ల మెకానిక్ అఫ్సర్ తన మోటార్ సైకిల్‌కు తాడు కట్టి లాగాడు. విమానం లేచింది. జలపతి లేవలేదు. కూర్చున్న పీట ఊడి ఆయన ఇసుకలోనే ఉండిపోయాడు. అది పోయి కర్బూజా తోటలో పడింది. తోట మనిషి కట్టె పట్టుకొని ఉరికొచ్చాడు. నోటి నిండా ఇసుకతో దిక్కులు చూస్తున్న జలపతిని చూసి కట్టె కింద పెట్టి, ఒక పండు కోసి, “ముందుగాల నోరు కడుక్కో, తర్వాత తిడ్త” అన్నాడు. పండు తిన్నాక తిట్టడం ఇద్దరూ మరిచిపోయారు.

రెండోది రెండంతస్తుల రెక్కలది, మోటార్ సైకిల్ ఇంజిన్ పెట్టింది. దాని ముందు తిరిగే పంకాను కోరుట్లలో దర్వాజలు చెక్కే అబ్దుల్ రహీం టేకుతో చెక్కాడు. ఆయన తన దుకాణంలో నెత్తి మీద తిరుగుతున్న సీలింగు ఫ్యానును చూసి, గాలి మనిషి వైపే రావాలి కాబోలనుకొని, దాన్నే నమూనాగా పెట్టుకున్నాడు. పంకా అద్దంలా నునుపుగా కుదిరింది. తీరా ఇంజిన్ ఆన్ చేస్తే విమానం వెనక్కి పోయింది. ముందు నిలబడితే ప్రమాదమని జనమంతా వెనకే నిలబడ్డారు. ఆ రోజు తంగళ్ళపల్లిలో పరుగెత్తని మనిషి లేడు.

సంగతి తెలిసి రహీంకు రెండు రోజులు అన్నం సహించలేదట. ఇంకో పంకా చెక్కి, దాన్ని ఒళ్ళో పెట్టుకొని బస్సులో సిరిసిల్లకు తానే తెచ్చాడు. “ఇది సామానా, మనిషా?” అని కండక్టర్ అడిగితే, “ఇమానం తునక బేటా” అన్నాడు. టికెట్ల పుస్తకంలో విమానానికి రేటు లేదు కాబట్టి కండక్టర్ అర టికెట్టు కొట్టాడు.

మూడోది, రెక్క కిందున్నది. నడుము నొప్పి రకం. వాగు గట్టు మీద ఉరికిస్తే రెండు పక్కల తుమ్మకంప చెరో రెక్క గుడ్డను పంచుకుంది. అప్పుడు తెలిసింది జలపతికి, విమానానికి కావలసింది రెక్కల కన్నా ముందు వెడల్పాటి రోడ్డని. ఊరు దాటాక తారురోడ్డు తాడు గుంజి కట్టినట్టు తిన్నగా ఉంది. కానీ దాని మీద బస్సు, లారీ, ఆటో, ట్రాక్టర్, పెళ్ళి బ్యాండు, ఒకదాని వెనుక ఒకటి.

ఒక్క బంద్ రోజున తప్ప.

ఇంటావిడ జమున బీడీలు చుడుతుంది. ఓర్పున్న మనిషి. కానీ నాలుగో విమానానికి మూటలకు మూటలు లంగాల గుడ్డ ఇంట్లోకి రావడం చూసి, చాట పక్కన పెట్టి గట్టిగానే చెప్పింది.

“ఇగో ఇను. ఇదే ఆఖరు. నిన్ను ఎక్కించుకొని గీ ఇమానం నేల ఇడిస్తే సరే, నేను నోరు మెదప. ఇడువకుంటె మాత్రం రెక్కలిప్పి తలదిండ్లకు గలీబులు కుట్టిస్త. మనకే కాదు, వాడకంతటికి.”

“ఎంత ఎత్తు లేవాలె?” అన్నాడు జలపతి, బేరం తెలిసిన మనిషిలా.

“ఎత్తుతోని నాకేం పని? నేల ఇడువాలె. నువ్వు దాంట్ల ఉండాలె. గంతే.”

ఆ మాట గోడ దాటింది. మర్నాటి నుంచి వాడకట్టు ఆడవాళ్ళు బావి దగ్గర జమునను ఆపి అడగడం మొదలుపెట్టారు. “జమునక్కా, మాకు ఆకుపచ్చయి రెండు. మా అత్తకు పువ్వులయి లెవ్వా?” జలపతి ఎదురుపడితే మాత్రం, “నీ ఇమానం సల్లగ లేవాలె అన్నా” అనేవారు. రెండు మాటలూ మనసారా అనేవారు. గుడ్డ మిల్లులో మిగిలిన తుకడాలు కాబట్టి రెక్కల మీద అన్ని రంగులూ ఉన్నాయి. కుట్టింది అఫ్సర్ తల్లి రషీదాబీ. లంగాలు కుట్టే మిషన్ మీద మూడు రోజులు కూర్చొని కుట్టి, కూలి ఎంతని అడిగితే, “ఎగిరినంక జేబా పెండ్లి నాడు మా ఇంటి మీదికెల్లి ఒక్క చక్కర్ కొట్టు, చాలు” అంది. జేబా ఆమె మనవరాలు. ఐదో తరగతి చదువుతోంది. పెళ్ళికి చాలా టైముంది కాబట్టి జలపతి ఒప్పుకున్నాడు.

ఇంజిన్ జగిత్యాల పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఏదో చిన్న కారుది. దేనికి అని అడిగిన సేటు, విమానానికి అని విని కూడా నవ్వలేదు. చాయ్ తెప్పించి, ఇంజిన్‌ను ట్రాలీలో తానే తాళ్ళతో బిగించి, “పైలం” అని జాగ్రత్త చెప్పాడు. కూర్చోవడానికి కాళ్ళు కోసేసిన ప్లాస్టిక్ కుర్చీ. ఇక రెక్కల గుడ్డ బిర్రుగా నిలబడాలంటే విమానాలు చేసే దేశాల్లో ఏదో ఘాటు వాసన మందు పూస్తారని జలపతికి గల్ఫ్‌లో ముక్కు ద్వారా తెలుసు. కానీ సైజింగు మనిషి మందు వెతుక్కోవడమేమిటి? జొన్నపిండి గంజి కాచి, పోగు తెగకుండా మిల్లులో కలిపినట్టే అందులో ఇంత పల్లినూనె కలిపి, మూడు పూతలు పూశాడు. ఎండకు రెక్కలు డప్పుల్లా బిగిశాయి. వేలితో కొడితే మోగాయి. రాత్రికి చీమలు వచ్చాయి. చీమలు రావడం శుభమన్నాడు జలపతి.

సమ్మె అప్పటికే నెల దాటింది. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్ళల్లో, సార్లు టెంట్లలో. అలాంటప్పుడు సమ్మె విరమిస్తారన్న మాట గాలిలో తేలింది. జలపతి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకా ఒక్క బంద్ మిగిలి ఉంది, ఆ రోజు రోడ్డు మీదే వంటావార్పు. పొయ్యిలు రోడ్డు మీద, భోజనాలు రోడ్డు మీద. అదే ఆఖరి అవకాశం.

బంద్ నాడు తెల్లారేసరికి అఫ్సర్, జలపతి విమానాన్ని తోసుకుంటూ ఊరి బయటికి తెచ్చారు. టెంటు దగ్గర జేఏసీ కన్వీనర్ నరేందర్ కూర్చొని ఉన్నాడు. సమ్మెలో ఉన్న లెక్చరర్. ఆయన పక్కన మాజీ సర్పంచి దేవయ్య. ఇద్దరికీ పడదు. కానీ ఉద్యమం కోసం ఒకే చాప మీద, చెరో అంచున కూర్చున్నారు.

“అన్నా, జర పర్మిషన్ ఇయ్యిండ్రి. రోడ్డు మీద కొంచెం ఉరికిస్త, తర్వాత గాలిలనే ఉంటది,” అన్నాడు జలపతి చేతులు కట్టుకొని.

నరేందర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “బంద్ అంటే ఏంది తమ్మీ? చక్రం కదలద్దు. దీనికి చక్రాలున్నయా, లెవ్వా?”

“మూడున్నయి.”

“కదుల్తయా?”

“కొద్దిగ కదుల్తయి. కదలకుంటె లేవదు గదన్నా.”

“కొద్దిగ బంద్, కొద్దిగ చాలూ అనేది మన ఉద్యమంల లేదు.”

“మరి గా కారు ఎట్ల తిరుగుతున్నది సార్?” అన్నాడు అఫ్సర్, టెంటు పక్కన ఆగి ఉన్న నరేందర్ కారును చూపిస్తూ.

“అది బంద్ మంచిగ నడుస్తున్నదా అని జూసే కారు.”

దేవయ్యకు సందు దొరికింది. “నరేందరూ, చక్రం తారుకు ఆనినంత సేపే బంద్ వర్తిస్తది. లేచినంక ఆకాశం ఢిల్లోళ్ళది, మన కిందికి రాదు.”

“అదెట్లనే పెద్దమనిషీ! నీళ్ళు మనయి, నిధులు మనయి, నియామకాలు మనయి అని గొంతులు పలగంగ ఒర్లుతున్నం. గాలొక్కటి ఢిల్లోళ్ళకు రాసిస్తవా?”

ఆకాశం ఎవరిదన్న చర్చ పొద్దెక్కేదాకా సాగింది. ఆడవాళ్ళు పొయ్యిలు రాజేశారు. ఎసట్లో బియ్యం పడ్డాయి. జలపతి నిలబడే ఉన్నాడు. శంకరవ్వ అనే ముసలమ్మ ఆయనను చూసి, ఏమీ అడగకుండా చెంబెడు నీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె మేకలు కాసుకునే మనిషి. ఆ రోజు మేకలను గట్టు మీద వదిలి, అన్నం వార్చడానికి సాయం వచ్చింది.

చివరకు అఫ్సరే అన్నాడు. “ఇది బండి గాదు సార్. నిరసన.”

ఆ మాట పడగానే టెంటులో మొహాలు విచ్చుకున్నాయి. ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు లేదు. రోడ్డు మీద గడ్డం గీస్తే నిరసన, బట్టలుతికితే నిరసన, బర్రెకు వినతిపత్రం ఇస్తే నిరసన. విమానం ఎందుకు కాదు? “నిరసన విమానం” అని మైకులో ప్రకటించేశారు.

అప్పుడు రెండో చిక్కు వచ్చింది. నిరసన అన్నాక ఫ్లెక్సీ ఉండాలి, ఫ్లెక్సీ అన్నాక ఫొటో ఉండాలి. నరేందర్ కుడి రెక్క అడిగాడు. దేవయ్యా కుడి రెక్కే అడిగాడు. ఎడమ చెయ్యి దేనికి వాడతామో తెలిసి తెలిసి ఆ పక్క రెక్క మీద తన మొహం ఎలా వేయించుకుంటానన్నాడు. కాసేపు లాగులాట అయ్యాక ఇద్దరి ఫ్లెక్సీలనూ వెదురు చట్రాలతో సహా కుడి రెక్కకే, ఒకదాని పక్కన ఒకటి, కట్టారు. ఎడమ రెక్కను ఎవరూ ముట్టలేదు.

“అన్నా, ఒక్క దిక్కే బరువైతది,” అన్నాడు జలపతి.

“నాయకులు బరువైతరా ఏందిరా?” అన్నాడు దేవయ్య.

బందోబస్తుకు వచ్చిన ఎస్సై విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, “నంబరు ప్లేటు ఏది?” అన్నాడు. లేదంటే ఊరుకోడు. కుర్రాళ్ళు అప్పుడే బండ్ల మీద ‘ఏపీ’ చెరిపి ‘టీజీ’ రాస్తున్న రంగు డబ్బాతో వచ్చి తోక మీద ‘టీజీ’ అని రాశారు. నంబరు తర్వాత వస్తుందిలే అన్నారు. రాష్ట్రం కూడా అంతే కాబట్టి ఎస్సై పక్కకు జరిగాడు. ఆయన వెంట ఉన్న కానిస్టేబుల్ మాత్రం జలపతి చెవిలో, “చెప్పుల వారు మంచిగ బిగించుకో అన్నా” అని చెప్పి పోయాడు.

ఇక సన్మానం. జలపతిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. నరేందర్ మాట్లాడాడు, దేవయ్య మాట్లాడాడు, నరేందర్ మాట్లాడినదానికి దేవయ్య జవాబు చెప్పాడు. జలపతి కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. జనం అడ్డం ఉండడంతో విమానం తోక ఒక్కటే కనబడుతోంది. తోక కొద్దికొద్దిగా కదులుతోంది. గాలి అనుకున్నాడు.

గాలి కాదు. విమానం ఎడమ రెక్క గట్టు మీదికి చాచుకొని ఉంది. గట్టు మీద శంకరవ్వ మేకలున్నాయి. జొన్న గంజి, పల్లినూనె, మూడు పూతలు, ఎండకు బాగా ఎక్కిన వాసన. నాయకుల ప్రసంగాలు వినలేక వాటి దారి అవి చూసుకున్నాయి. ఫ్లెక్సీ ఉన్న కుడి రెక్క జోలికి ఒక్కటీ పోలేదు.

“ఓ జలపతన్నా, నీ ఇమానం తింటున్నయే!” అని ఎవరో అరిచేసరికి ఎడమ రెక్క కొసన చాపంత మేర వెదుర్లే మిగిలాయి.

ఆయన శాలువాతోనే ఉరికాడు. ఒక మేకపిల్ల నోట్లో ఇంకా పువ్వుల గుడ్డ వేలాడుతోంది. జనం నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? జలపతి మాత్రం అక్కడే చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు. జనంలో జమున ఉంది. ఆమె వెనుక వాడకట్టు ఆడవాళ్ళున్నారు. ఆమె నోట్లోంచి ‘గలీబులు’ అన్న మాట వస్తుందేమోనని ఆయన తల ఎత్తలేదు.

శంకరవ్వ గంటె చేతిలో పట్టుకొనే పరుగెత్తుకొచ్చింది. “కొడుకా, నా మేకలు నీ కొంప ముంచినయి. నన్ను కొట్టు, తిట్టు.”

“నిన్నేమంటనవ్వా. గంజి పెట్టింది నేను. తినే సరుకు పూసి, తినద్దంటె అవి ఇంటయా?”

జమున ముందుకొచ్చింది. రెక్కను చూసింది, మొగుణ్ణి చూసింది. టెంటుకు కట్టిన సమ్మె బ్యానరు వైపు చూసింది. అది నూలు గుడ్డ. ఎవరినీ అడగకుండా దాని ముడి విప్పింది.

“ఏయ్, అది జేఏసీ బ్యానరు!” అన్నాడు నరేందర్.

“నిరసన సార్,” అంది జమున.

రషీదాబీ బుర్ఖా చేతులు పైకి మడిచి, సూదిదారంతో గట్టెక్కింది. “అరె, మేకను పట్టుండ్రి ముందు. నేను కుట్టేది అది తినాలా ఏంది?” వాడకట్టు ఆడవాళ్ళు బ్యానరును లాగిపట్టారు. ఆకుపచ్చ గలీబులు అడిగినావిడే అన్నిటికన్నా గట్టిగా లాగింది. వంటావార్పు గుండిగ నుంచి శంకరవ్వ వేడి వేడి గంజి వార్చి తెచ్చింది. దాన్నే పూశారు. ఇన్నాళ్ళూ జలపతి ఒక్కడి విమానం అది. ఆ పూట ఊరి అన్నంలోని గంజి దానికి అంటింది. మిట్టమధ్యాహ్నం ఎండకు బట్ట బిగిసింది. అంతవరకు జలపతిని ఎవరూ ఖాళీ కడుపుతో ఉండనియ్యలేదు. విస్తరిలో అన్నం, పచ్చిపులుసు పోసి, “తిని ఎక్కు” అన్నారు. ఎక్కువ తింటే బరువవుతానని ఆయన రెండు ముద్దలతో లేచాడు.

కాళ్ళు లేని కుర్చీలో కూర్చొని రాజన్నను తలుచుకున్నాడు. అఫ్సర్ పంకా తిప్పాడు. ఇంజిన్ దగ్గి, తుమ్మి, అందుకుంది. రహీం చెక్కిన టేకు గాలిని సరిగ్గా వెనక్కే తోసింది. విమానం కదిలింది. జనం జై కొట్టారు. కంకర తేలిన తారు మీద మూడు చక్రాలూ గడగడలాడుతుంటే జలపతి పళ్ళు కూడా గడగడలాడాయి. తోక కింది చక్రం లేచింది. ఇక ముందరి రెండూ లేవాలి.

అప్పుడు విమానం కుడి వైపుకు ఒరిగింది. ఇద్దరు నాయకుల బరువు ఆ రెక్క మీదే ఉందాయె. జలపతి విమానాన్ని తిప్పే కర్రను ఎంత ఎడమకు నొక్కినా అది టెంటు దారే పట్టింది. వేదిక మీద మైకు పట్టుకొని “మన విమానం, మన ఆకాశం” అంటున్న నరేందర్, మాట మధ్యలో ఆపి చాప మీద బోర్లా పడ్డాడు. దేవయ్య ఆయన పక్కనే పడ్డాడు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఉన్నది అప్పుడే. కార్యకర్తలు, ఎస్సై, వంటవాళ్ళు, జమున, రషీదాబీ, అందరూ తలలు చేతుల్లో దాచుకొని నేలకు కరుచుకుపోయారు.

జలపతి కళ్ళు మూసుకొని కర్రను పొట్టలోకి లాగాడు.

గడగడ ఆగిపోయింది. అదొక్కటే ఆయనకు తెలిసింది. పళ్ళు కొట్టుకోవడం మానేశాయి. లోకం మీద ఎవరో నూనె పోసినట్టు అంతా మెత్తగా, నిమ్మళంగా అయింది. పుట్టినప్పటి నుంచి నేల ఆయనను మోసింది. ఆ కాసేపు మోయలేదు. ‘శివా’ అనుకునేంత సేపు అది. ఆ వెంటనే మళ్ళీ గడగడ, దబ్బుమని ఒక దెబ్బ, నల్లటి మెత్తటి దేంట్లోకో ముక్కు దూరిపోయి విమానం ఆగింది. రాస్తారోకోలో కాల్చడానికి కుర్రాళ్ళు టెంటు పక్కన వేసిన టైర్ల కుప్ప అది. మధ్యాహ్నం కాల్చాల్సింది. ప్రసంగాలు ఆలస్యమై మిగిలిపోయింది. నాయకుల ప్రసంగాల వల్ల ఒక ప్రాణం దక్కిందని జలపతి ఆ రోజు నుంచి ఎవరి ముందూ వాటిని తప్పు పట్టడు.

అందరూ లేచారు. బట్టలు దులుపుకున్నారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఎవరూ చూడలేదు.

“లేచిందా?” అన్నాడు అఫ్సర్. పంకా తిప్పి పక్కకు దూకినవాడు కాలవలో పడ్డాడు.

“లేవకేంది? తాటిచెట్టంత లేచింది. నా కండ్లతోని జూసిన,” అన్నాడు నరేందర్. ఆయన నుదుటి మీద చాప అల్లిక అచ్చుపడి ఉంది.

“ఒక్క తాడా? రెండు తాళ్ళెత్తు!” అన్నాడు దేవయ్య. ఆయన ముక్కుకు మట్టి.

విలేకరి వచ్చేసరికి ఆ ఎత్తు గుట్టను కూడా దాటింది. మర్నాడు పేపర్లో కుడి రెక్క ఫొటో వచ్చింది, ఫ్లెక్సీలు కనబడేలా. జలపతి అది చూసి సంతోషించాలి. కానీ దేవుడికి దండం పెట్టే మనిషికి తాటిచెట్టు మింగుడు పడలేదు. అంతెత్తు లేవలేదని ఆయన ఒంటికి తెలుసు. మరి అసలు లేచిందా? గడగడ ఆగింది నిజం. ఇంజిన్ ఆగినా గడగడ ఆగుతుంది కదా!

పేపరు చూసి ఇంటికి వచ్చాక జమున అడిగింది. గొంతులో ఎగతాళి లేదు. “నేను నేలకు మొకం బెట్టుకున్న. నాకు తెల్వది. పేపరోళ్ళ మాట వద్దు. నువ్వు జెప్పు, లేచిందా?”

అవును అంటే సరిపోయేది. ఆయనకు ఆ మాట నోట రాలేదు. “లేచినట్టే అనిపించింది. కండ్లు మూసుకున్ననే జమునా. ఒట్టు పెట్టి జెప్పలేను.”

జమున వెనుక గుమ్మంలో చాట ముందు కూర్చుంది. బీడీ ఆకు చేతిలోకి తీసుకుంది. గోడ అవతల నుంచి ఎవరో, “అక్కా, మరి గలీబుల సంగతి?” అన్నారు. జలపతి లేచి, రేకుల పందిరి కిందికి పోయి, రెక్క కుట్లు ఎక్కడి నుంచి విప్పితే గుడ్డ చెడకుండా వస్తుందో చూడసాగాడు. మాట మాటే.

అప్పుడు శంకరవ్వ వచ్చింది. ఒక చేతిలో గిన్నెడు మేకపాలు, ఇంకో చంకలో మేకపిల్ల. పువ్వుల గుడ్డ తిన్నదదే.

“కొడుకా, పాలు తాగు. నిన్న అదిరినవు గద, ఒంటికి మంచిది. నీ బట్ట తిన్నందుకు గిది పెద్దగైనంక నీకే ఇస్త.”

“వద్దవ్వా. అది ఇంట్ల ఉంటే నేను ఇంకో రెక్క చెయ్యలేను,” అన్నాడు జలపతి. నవ్వడానికి చూశాడు, రాలేదు.

“నిన్న దీని పానం పోయిందనే అనుకున్న. అందరు బోర్ల వడ్డరు. నేనెట్ల వడుదు? ఇది తాడు తెంపుకొని రోడ్డు మీదికి ఉరికె. ఒర్లుకుంట నేను దీని ఎంబడే ఉరికితి. అటుకెల్లి నీ ఇమానం అచ్చె. చక్రం కింద పడ్డదనుకున్న. ఏడ పడ్డది! చక్రం కిందికెల్లే అటు దాటింది. దాని నెత్తికి ఏం తాకలే.”

జమున చేతిలో బీడీ ఆకు ఆగింది. “ఏమన్నవు పెద్దవ్వా? చక్రాల నడుమకెల్లి దూరిందా?”

“నడుమకెల్లి గాదు బిడ్డా, నాకు కండ్లు లెవ్వా? ఇటు దిక్కు చక్రం గాలిల గిరగిర తిరుగుతున్నది. గా చక్రం కిందికెల్లి పోయింది. అటు దిక్కుది సుత గాలిలనే ఉండె. నీ మొగడు కండ్లు మూసుకొని శివా శివా అంటుండె.”

జమున లేచింది. మేకపిల్లను శంకరవ్వ చంకలోంచి దించి, నేల మీద నిలబెట్టింది. గిట్టల దగ్గర చెయ్యి పెట్టి, చెవుల దాకా జానతో కొలిచింది. అది కదిలిపోతే పట్టుకొని మళ్ళీ కొలిచింది. కొలిచి, గోడ దగ్గరికి పోయి, అవతలికి వినబడేలా అంది:

“ఓ అక్కా! గలీబులు లెవ్వు. మా ఆయిన లేచిండు.”

గోడ అవతల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, “ఎంత ఎత్తక్కా?” అని వినబడింది.

“మేకపిల్ల పట్టేంత.”

“గంతేనా? గా సార్లు తాటిచెట్టంత అన్నరు గద?”

“తాటిచెట్టు వాళ్ళు లేచిండ్రు. మా ఆయిన మేకపిల్లంతనే.”

జలపతి పాలగిన్నె రెండు చేతులా పట్టుకొని నిలబడిపోయాడు. తాటిచెట్టు మాట విన్నప్పుడు రాని కన్నీళ్ళు మేకపిల్ల మాటకు వచ్చాయి. శంకరవ్వ చూసి, పాలు వేడెక్కువయ్యాయేమోనని కొంగుతో విసిరింది.

వారంలోనే సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి. మొదటి బస్సును చూసి ఊరంతటితో పాటు జలపతీ సంతోషించాడు. పిల్లలు బడికి పోతున్నారు, సైజింగులో మళ్ళీ ఆవిరి లేచింది. అర టికెట్టు కొట్టిన కండక్టర్ కిటికీలోంచి తల బయట పెట్టి, “అన్నా, ఇమానం ఎక్కినవట, ఇగ బస్సుల అచ్చుడు బంద్ వెట్టినవా?” అని అరిచి పోయాడు. కానీ తారురోడ్డు మీద మళ్ళీ బస్సు వెనుక లారీ, లారీ వెనుక ఆటో.

ఆ సాయంత్రం ఇంట్లోంచి ఘాటు లేచి ఆయనకు దగ్గు వచ్చింది. జమున రోట్లో ఎండు మిరపకాయలు దంచుతోంది.

“ఏం కూరనే గింత కారం?”

“కూరకు గాదు. ఈసారి గంజిల ఇది గలుపు. ఏ మేక ముడుతదో జూస్త.”

జలపతి దగ్గుతూనే నవ్వాడు. కాళ్ళు కడుక్కొని పటం ముందు నిలబడ్డాడు. అగరుబత్తి వెలిగించాడు. ఈసారి మొక్కు సగంలో ఆగలేదు. అడగడానికి సిగ్గేసినా, దేవుడి ముందు దాపరికం ఏముందని కళ్ళు మూసుకొని పూర్తిగా అడిగేశాడు.

“రాజన్నా, తెలంగాణ జల్ది రావాలె. అచ్చే ముందు, నీకు ఇబ్బంది లేకుంటె, ఇంకొక్క బంద్.”